నాకు నేర్పితే నీకేం వస్తుంది

మిల్లు వెనక వీధి, మేడ మీద గది
జూన్ 4

పొట్టీ,

నిన్నటితో మిల్లుకీ నాకూ చెల్లు. ఆఖరి రోజని సూపర్‌వైజరు ఏదో ఉపన్యాసం ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులు కదా, ఒక్క ముక్క ఎక్కలేదు. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. పొగిడింది నన్నేనని తర్వాత తెలిసింది. నా పొగడ్తకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా నేనేనట.

మిల్లు వాళ్ళు ఇవ్వాల్సిన డబ్బంతా ఒక్కసారే ఇచ్చేశారు. బ్యాంకు పుస్తకంలో ఆ అంకె చూసి, ఎవరిదో పొరపాటున నాకు వేశారేమో, తిరిగిచ్చి రావాలేమో అనుకున్నాను. తర్వాత భయం పట్టుకుంది. ఇక నెల జీతం లేదు. తిండికీ, అద్దెకీ, మందులకీ, చచ్చేదాకా ఇదే. మా అమ్మ ఎనభై ఏడేళ్ళు బతికింది. నాకూ ఆ రోగమే వస్తే ఇంకా ఇరవై తొమ్మిదేళ్ళు లాక్కురావాలి. నీ నెత్తిన పడకూడదని నా పంతం.

బెల్లం చుట్టూ ఈగలని ఊరికే అనలేదు. ఇస్త్రీ అతను స్థలం కొనమంటాడు. ఆ స్థలం ఎవరిదయ్యా అంటే వాళ్ళ బావమరిదిదే. కింది వాటా ఆవిడ బంగారం అంటుంది. ఆవిడ తమ్ముడికి నగల దుకాణం ఉంది. నాకు ఈ సలహాలు వద్దే. పాఠం కావాలి. ముప్ఫై ఏళ్ళు దాటాక నీ రెండో తరగతి పుస్తకాలు పెట్టుకుని నీ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను. డబ్బు కూడా అలా మొదట్నుంచీ నేర్చుకోలేనా?

నువ్వు బ్యాంకులో ఉన్నావు. నిజాయితీగా నేర్పే మనిషి ఎక్కడుంటాడో నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పిల్లల క్లాసయినా సరే, వెనక బెంచీలో కూర్చుంటాను.

ఫోన్ చెయ్యకు, వినపడదు. మెసేజీలూ వద్దు, నువ్వు రెండు ముక్కల్లో తెగ్గొడతావు. ఉత్తరమే రాయి. నువ్వు పోయినేడు పంపిన ఉన్ని దుప్పటి ఈ వానలకి కూడా కప్పుకుంటున్నాను. భలే వెచ్చగా ఉంది.

పిన్ని

*

బ్యాంకు పక్క సందు, అద్దె గది
జూన్ 13

పిన్నీ,

ఆలస్యానికి తిట్టకు. ఇక్కడ నెలాఖరు వస్తోందంటే మా మేనేజరు ముఖం చూడలేం. బ్రాంచి టార్గెట్టు గోడ మీద రాసి పెట్టాడు, రోజూ చెరిపి కొత్త అంకె వేస్తాడు. పోయినేడు లాగే ఈసారీ నేనే ఫస్టు. అందరూ కేకు కోశారు.

డబ్బు ప్రస్తుతానికి ఎక్కడుందో అక్కడే ఉండనీ. కదపకు. ఏ ఒక్కరికీ తొందరేమీ లేదు, నీకు అసలే లేదు. మీ వీధి చివర లైబ్రరీ ఉంది కదా, అక్కడ అడిగి చూడు. పుస్తకాలు నీతో ఏదీ కొనిపించవు.

నిజాయితీ మనిషి ఎక్కడుంటాడని అడిగావు. నాకు ఎవరి పేరూ తట్టలేదు, ఏం చెప్పమంటావు. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎవరైనా నేర్పుతానని వస్తే, "నాకు నేర్పితే నీకేం వస్తుంది?" అని అడుగు. తడుముకోకుండా చెప్పాడంటే కూర్చో. నవ్వేసి మాట మార్చాడంటే లేచి వచ్చెయ్.

నేను వచ్చి నేర్పొచ్చు కదా అంటావేమో. సెలవు ఇవ్వరు. పైగా నేను అంత గొప్ప టీచర్ని కాదులే.

మోకాలికి మందు రాసుకుంటున్నావా?

పొట్టి

*

మేడ మీద గది
జూలై 3

పొట్టీ,

నువ్వు చెప్పినట్టే లైబ్రరీకి వెళ్ళాను. లైబ్రేరియన్ గారు మంచాయన, కానీ డబ్బు గురించి ఆయన దగ్గరున్న పుస్తకాలు రెండే. ఒకటి చదవాలంటే ముందు ఇంకో పుస్తకం చదివి ఉండాలి. రెండోది పిల్లలది. అది పట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఒక పదేళ్ళ పిల్ల, "అది నేను తీసుకుందామనుకున్నాను, మీరు తొందరగా చదువుతారా?" అంది. లేదమ్మా, నాకు చాలా రోజులు పడుతుందన్నాను. ఇద్దరం కలిసి చదివాం. వడ్డీ మీద వడ్డీ ఎలా వస్తుందో ఆ పిల్లే నాకు చెప్పింది.

అక్కడే గోడ మీద కాగితం చూశాను. "ఉచిత డబ్బు పాఠాలు, అన్ని వయసుల వారికీ." ఫర్నిచర్ దుకాణం పైన హాలు. రెండు వారాలు వెళ్ళాను. ఎంత మందో. కాలేజీ పిల్లలు, చంకలో బిడ్డతో వచ్చినవాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు. కుర్చీలు మెత్తనివి, టీ ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు. నేర్పే సారుకి ముప్ఫై కూడా ఉండవు. ఇస్త్రీ చొక్కా, చక్కటి పలువరస. బోర్డు మీద గీతలు గీసి మరీ చెబుతాడు. చిక్కేమిటంటే బోర్డు వైపు తిరిగి మాట్లాడతాడు, నాకు పెదాలు కనిపించాలి కదా. మొదటి రోజు ఒకావిడ మళ్ళీ చెప్పమంటే వెనక ఎవరో నవ్వారు. ఇక నేను అడగలేదు. మిల్లులో మాకు అలవాటే కదా, ఆ రొదలో ఎవరు నోరు కదిపినా తల ఊపుతాం. ఒప్పుకున్నట్టు కాదు, నువ్వు మాట్లాడ్డం చూశానని. ఇక్కడా అలాగే ఊపుతూ కూర్చున్నాను.

నువ్వు చెప్పిన ప్రశ్న అడగలేదే. చేత్తో బిస్కెట్లు పెట్టిన మనిషిని పట్టుకుని నీకేం వస్తుందని ఎలా అడుగుతాం?

నిన్న పోస్టులో ఒక ఫైలు వచ్చింది. పచ్చటి అట్ట, పైన బంగారు రంగు అక్షరాలు. నా పేరు అచ్చులో ఎంత బాగుందో. బీరువాలో దాచాను.

మోకాలు బానే ఉంది. నీ ఫస్టు సంగతి వీధంతా చెప్పాను.

పిన్ని

*

అద్దె గది
జూలై 6

పిన్నీ,

దీన్ని స్పీడు పోస్టులో పంపుతున్నాను, నువ్వూ అలాగే రాయి.

ఉచితంగా పాఠం చెప్పేవాళ్ళు నీ పేరు అచ్చు వేసి ఫైలు ఎందుకు పంపుతారు? ఎక్కడైనా సంతకం పెట్టావా? ఎప్పుడు పెట్టావు, ఎంతకి పెట్టావు? దాచకుండా చెప్పు. నీ మీద కోపం రాదు, ఒట్టు.

పొట్టి

*

మేడ మీద గది
జూలై 9

పొట్టీ,

నన్నేదో దొంగతనం చేసినట్టు అడిగావు. నిన్ను పెంచినదాన్ని నేను, నాకు ఆ మాత్రం తెలివి లేదా అని మొదట కోపం వచ్చింది. ఉత్తరం రాసి చింపేశాను. రెండోది రాసి చింపాను. ఇది మూడోది.

పెట్టాను. రెండో క్లాసయ్యాక సారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏదేదో చెప్పాడు, తల వంచి కాగితాలు చూపిస్తూ చెబుతుంటే పెదాలు ఎలా కనిపిస్తాయి? తల ఊపాను. ఫారం నా వైపు తిప్పాడు. పెన్ను ఇచ్చాడు. ముఖం మీద వద్దనలేకపోయాను. అందరూ పెడుతున్నారు కదా అని కూడా అనుకున్నాను.

ఎంతకని అడిగావు. మొత్తానికి.

నీ ఉత్తరం చూశాక ఆ ఫైలు తీసుకుని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా అమ్మాయి మంచిది, కాగితం మీద రాసి చూపించింది. అది బీమా పాలసీ అట, ఒకసారి కట్టి ఊరుకునేది కాదట. పదేళ్ళు, ఏటా అంతే కట్టాలట. కట్టకపోతే వేసిందాంట్లో చాలా భాగం పోతుందట. పొట్టీ, నా జీవితం మొత్తం కలిపితే ఒక్క ఏడాదికి సరిపోయింది. మిగతా తొమ్మిదేళ్ళు ఏం పెట్టి కట్టను?

ఇంటికి వచ్చి అన్నం మానేశాను. నీకు ఎలా రాయాలా అని రాత్రంతా ఏడ్చాను. చదువుకుందామని బయల్దేరిన మనిషిని, చదువు పేరు చెప్పే ముంచారు. అదే ఎక్కువ బాధగా ఉంది.

పిన్ని

*

అద్దె గది
జూలై 11

పిన్నీ,

ముందు అన్నం తిను. డబ్బు పోలేదు, ఇంకా పోలేదు. ఈ ఉత్తరం చదివి నేను చెప్పినట్టు చెయ్.

ఆ పచ్చ ఫైల్లో చివరి నుంచి నాలుగో పేజీ తియ్యి. అడుగున చీమల్లాంటి అక్షరాలుంటాయి. కాగితాలు చేతికి అందిన రోజు నుంచి పదిహేను రోజుల్లోపు ఇష్టం లేకపోతే రద్దు చేసుకోవచ్చని అందులో ఉంటుంది. నీకు అందింది జూలై 2న. అంటే పదిహేడో తారీఖు దాకా సమయం ఉంది. వచ్చిన కవరు పారేయకు, దాని మీద తేదీ ముద్ర ఉంటుంది. రద్దు కోరుతూ ఉత్తరం వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. కింద సంతకం చెయ్, రెండు కాపీలు తీయించు, ఆఫీసులో ఇచ్చి ఒక కాపీ మీద వాళ్ళ ముద్ర, తేదీ వేయించుకో. మేనేజరు లేడు రేపు రమ్మంటే కదలకు. నోటితో వాదించకు, ఆ కాగితం చూపించి కూర్చో.

ఫైలు చూడకుండా పేజీ నంబరు ఎలా చెప్పిందని అనుకుంటున్నావు కదా. నాకు ఆ ఫైలు తెలుసు. మా బ్యాంకులో అది నీలం రంగు. నేనూ అవే అమ్ముతాను, పిన్నీ.

చేరిన కొత్తలో మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. ముసలివాళ్ళ పక్కనే కూర్చో, ఎదురుగా కాదు. తల ఊపగానే మాట ఆపి ఫారం వాళ్ళ వైపు తిప్పు. పెన్ను మూత నువ్వే తీసి ఇవ్వు. నీ ఉత్తరంలో ఆ వాక్యాలు చదువుతుంటే నా శిక్షణ పుస్తకం ఎవరో నాకే చదివి వినిపించినట్టుంది. ఒక్కటే తేడా, కుర్చీలో నువ్వున్నావు.

మా వీధిలో గడియారాలు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. డెబ్భై దాటాడు. పాత దుకాణం గది అమ్మి, ఆ డబ్బు డిపాజిట్ చేద్దామని పోయినేడు నా కౌంటరుకి వచ్చాడు. డిపాజిట్ చేయించలేదు, ఆ నీలం ఫైలే అంటగట్టాను. ఆ ఒక్క ఫారంతో ఆ నెల ఫస్టు వచ్చాను. దానికిచ్చిన బహుమతి డబ్బుతోనే నీకు ఉన్ని దుప్పటి కొన్నాను.

నిజాయితీగా నేర్పే మనిషి ఎక్కడుంటాడని నువ్వు అడిగినప్పుడే ఇది చెప్పాల్సింది. చెప్పి ఉంటే నువ్వు ఆ హాలు మెట్లెక్కేదానివి కాదు. సిగ్గుతో దాచాను. బస్సెక్కి రావచ్చు, ఒక్క రాత్రి ప్రయాణమే, కానీ నీ ముఖం చూసే ధైర్యం లేక ఇది రాస్తున్నాను.

పొట్టి

*

మేడ మీద గది
జూలై 17

పదిహేనో తారీఖున ఉత్తరం ఇచ్చాను. మూడు గంటలు కూర్చోబెట్టి ముద్ర వేశారు. డబ్బు రావడానికి చాలా వారాలు పడుతుందన్నారు.

నిన్న ఆ సారు ఇంటికొచ్చాడు. కిటికీ ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టాను. మనసు మార్చుకోమని అరగంట చెప్పాడు. ఈసారి ప్రతి మాటా అందింది. అంతా అయ్యాక అడిగాను, "నాయనా, నాకు నేర్పితే నీకేం వచ్చింది?" అని. నవ్వాడు. నేను నవ్వలేదు. తల వంచుకుని, "మీరు రద్దు చేస్తే నా ఈ నెల జీతంలో సగం పోతుందండీ," అన్నాడు. అదొక్కటే నిజం చెప్పాడు పాపం. మంచినీళ్ళిచ్చి పంపాను. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇక నీ సంగతి. దుప్పటి మడిచి పెట్టెలో పెట్టాను. కప్పుకుంటే నిద్ర పట్టడం లేదు.

నా గడువు పదిహేను రోజులని నువ్వు చెప్పావు, నేను బయటపడ్డాను. ఆ గడియారాల తాతకి ఎవరు చెప్పారు? ఆయనకి పొట్టి లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి ముఖం మీద చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఇలా రాయడం నాకు ఇష్టమై కాదు. అయినా రాస్తున్నాను.

పిన్ని

*

అద్దె గది
ఆగస్టు 20

పిన్నీ,

వెళ్ళాను. ఉత్తరం అందిన రోజు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చేతి గడియారం బాగానే నడుస్తున్నా ఏదో చూపించుకోవడానికి వచ్చినట్టు నిలబడి వెనక్కి వచ్చాను. నాలుగోసారి చెప్పాను.

ఆయన ఇప్పుడు ఇంటి ముందు గదిలోనే పనిచేస్తున్నాడు. బల్ల నిండా గడియారాలు, కంటికి భూతద్దం. చేతులు వణుకుతుంటే మోచేతులు బల్లకి ఆనించి చిన్న చిన్న మరలు బిగిస్తున్నాడు. తాతా, మీకు నేను అబద్ధం చెప్పాను, ఒకసారి కడితే చాలన్నాను, అది తప్పు, నాకు అప్పుడే తెలుసు అన్నాను. ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నాడు. "నాకూ తెలిసిందమ్మా. రెండో ఏడు కట్టమని కాగితం వచ్చినప్పుడే," అన్నాడు.

మరి బ్యాంకుకి వచ్చి నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను. "నిలదీస్తే నీ ఉద్యోగం పోతుందేమోనని. ఆడపిల్లవి, ఒక్కదానివే అద్దెకుంటున్నావు," అన్నాడు. రెండో ఏడు డబ్బు కట్టడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా గడియారాలు తెప్పించుకుని రోజంతా పనిచేశాడట. నన్ను కాపాడటానికి, పిన్నీ. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన గాభరాపడి కోడల్ని పిలిచి టీ పెట్టించాడు.

ఆయన ఎదురుగానే రాసిచ్చాను, ఏం దాచానో, ఏం అబద్ధం చెప్పానో, సంతకంతో. ఒక కాపీ ఆయనకి, ఒకటి మా పై ఆఫీసుకి. నీకు పిచ్చెక్కిందా అన్నాడు మేనేజరు. కౌంటరు నుంచి తీసి పాత ఫైళ్ళ గదిలో పడేశారు. విచారణ జరుగుతోంది. ఆయన డబ్బు తిరిగి ఇస్తారో లేదో ఇంకా తెలియదు, గట్టిగా అడుగుతున్నాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అదీ తెలియదు.

తాత ఒక్కడే కాదు. కూర్చుని రాసుకుంటే పదకొండు మంది తేలారు. ఆదివారాలు ఒక్కొక్కరింటికీ వెళ్తున్నాను. నలుగురయ్యారు. ఒకాయన నా ముఖం మీదే తలుపు వేశాడు. నలుగురి కోసమూ ఫిర్యాదు రాసి పెట్టాను, తలుపు వేసినాయనకి కూడా.

రాయొచ్చా ఇక నీకు?

పొట్టి

*

మేడ మీద గది
సెప్టెంబరు 25

నా పొట్టీ,

రాయకుండా ఉంటే ఊరుకుంటానా? నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. తాతని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తున్నాయి. ఆయన సంగతి తేలగానే ముందు నాకు రాయి.

నా డబ్బు మొన్న సోమవారం వెనక్కి వచ్చింది. స్టాంపుల ఖర్చని కొంచెం కోసుకున్నారు, పీడా పోయింది. ఈసారి ఎవరి పక్కనా కూర్చోలేదు. నెల ఖర్చుకి కొంత విడిగా ఉంచి, మిగతాది మామూలు డిపాజిట్లుగా వేరు వేరు గడువులకి వేశాను. పదిహేను నిమిషాల పనికి నాకు రెండు రోజులు పట్టింది. ప్రతి లైనూ చదివాను. కౌంటరులో అతను విసుక్కున్నాడు. నాకు వినపడలేదు.

అసలు కబురు ఇది. ఆదివారాలు పదింటికి లైబ్రరీలో పెద్ద బల్ల దగ్గర కూర్చుంటున్నాం. వడ్డీ నేర్పిన పిల్ల, ఆ పిల్ల అమ్మ, లైబ్రేరియన్ గారు, కింది వాటా ఆవిడ, వ్యాను డ్రైవరు, డెబ్భై నాలుగేళ్ళ నర్సమ్మగారు, ఇస్త్రీ అతను, నేను. వారానికి ఒక అసలైన కాగితం తెస్తాం. అప్పు కాగితమో, బీమా కాగితమో, ఫోను వాయిదాల కాగితమో. దాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుతాం. అర్థం కానిచోట ఆగుతాం. అమ్మేవాళ్ళకి ప్రవేశం లేదు. పోయిన వారం ఇస్త్రీ అతను తన బావమరిది స్థలం కాగితం తెచ్చాడు. చదివాక అతనే నోరెళ్ళబెట్టాడు, ఆ స్థలం ఇంకొకరి దగ్గర తాకట్టులో ఉంది.

కానీ చాలాచోట్ల ఆగిపోతున్నాం. ఎక్కడ మెలిక ఉంటుందో చెప్పే మనిషి కావాలి. నీ పేరు నర్సమ్మగారే ఎత్తింది. నేను ఏమీ దాచలేదు. నువ్వు ఏం అమ్మావో, ఎలా అమ్మావో, తాత సంగతి, ఆ పదకొండు మంది సంగతి అన్నీ చెప్పాను. ఇస్త్రీ అతను, దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టుంటుందన్నాడు. ఆ పిల్ల ఏమందో తెలుసా? "తాళాలు ఎలా తెరుచుకుంటాయో దొంగకే కదా తెలిసేది," అంది. అందరూ నవ్వారు. అయినా నవ్వుతో తేల్చే విషయం కాదని చేతులెత్తమన్నాం.

ఆరు చేతులు లేచాయి. ఇద్దరు ఎత్తలేదు. ఒకడు ఇస్త్రీ అతను. రెండోదాన్ని నేను.

బాధపడకు, పూర్తిగా చదువు. నువ్వంటే నాకున్న ప్రేమలో ఆవగింజంత కూడా తగ్గలేదు. ప్రేమ ఉంటే నమ్మకం దానంతటదే ఉంటుందనుకునేదాన్ని. అవి రెండూ వేరని ఈ ఏడాదే తెలిసింది. నా ఒక్కదాని డబ్బయితే కళ్ళు మూసుకుని నీ చేతిలో పెట్టేదాన్ని. ఆ బల్ల దగ్గర ఇంకో ఏడుగురి డబ్బుంది. ఇంకా నమ్మకం కుదరకుండా కూతురని చెయ్యెత్తితే అది వాళ్ళని మోసం చెయ్యడమే.

ఎక్కువ మంది రమ్మన్నారు కాబట్టి, రా. మిగిలిన ఏడిళ్ళూ తిరిగాకే రా. నీ గది దులిపి పెట్టాను, దిండు గలీబు మార్చాను. ఆ ఆదివారం ఇస్త్రీ అతనూ నేనూ ముందు కుర్చీల్లో కూర్చుంటాం.

మీ పిన్ని